'సర్వర్ డౌన్' అంటే ఏం డౌన్ అయినట్టు?

మన హాస్టల్లో చేరకముందే మనందరికీ పరిచయమైన ఇంగ్లీషు మాట ఒకటుంది. అదే "సర్వర్ డౌన్". కులం సర్టిఫికెట్ కోసమో, ఆదాయం సర్టిఫికెట్ కోసమో, స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపించడానికో ఊరు దాటి వచ్చిన మన అమ్మానాన్నలు ఏదో ఒక కౌంటర్ ముందు ఈ మాట విని వెనుదిరిగిన రోజులు ఎన్నో ఉన్నాయి. కూలికి పోయేవాళ్లకు దాని ఖరీదు ఒక రోజు కూలి, పైగా రానుపోను బస్సు చార్జీలు. వెనుకట "సారు లేడు, రేపు రా" అనేవారు. ఇప్పుడు "సర్వర్ లేదు, రేపు రా" అంటున్నారు. సారు ఎందుకు లేడని అడిగే ధైర్యం అప్పుడు లేదు. సర్వర్ ఎందుకు లేదని అడగడానికి కావలసిన జ్ఞానం ఇప్పుడు లేదు.

విచిత్రం ఏమిటంటే, అదే మాట ఇప్పుడు కంప్యూటర్ చదువుకుంటున్న మన తమ్ముళ్ల నోట వింటున్నాం. మేము కొందరం పాత విద్యార్థులం, సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లం, వీలున్న ఆదివారాల్లో హాస్టల్‌కు వచ్చి బీటెక్, బీసీఏ, ఎంసీఏ చదివే తమ్ముళ్లతో కూర్చుంటాం. ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం రాగానే మాకు ఎక్కువగా వినపడే మాట ఇదే: "అన్నా, ప్రోగ్రాం మంచిగనే రాసిన, డేటాబేస్ కనెక్ట్ అయితలేదు, సర్వర్ డౌన్ ఉన్నట్టుంది." నాలుగు రోజులు అక్కడే ఆగిపోయి, విసుగొచ్చి, చివరికి డబ్బులిచ్చి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కునే వాళ్లున్నారు. ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో మనకు తెలుసు. మెస్ బిల్లుల్లోంచో, ఇంటి దగ్గర చేసిన అప్పులోంచో. తీరా వైవా రోజు ఎగ్జామినర్ గారు "నీ డేటాబేస్ ఏ పోర్టు మీద నడుస్తోంది?" అని అడిగితే నోరు పెగలదు. అందుకే ఈ సంచికలో ఈ ఒక్క విషయాన్నే తీసుకుని వివరంగా రాస్తున్నాం.

చిరునామా ఒకటి, గది నంబరు ఒకటి

ముందుగా ఒక సంగతి. ప్రోగ్రాం వేరు, డేటాబేస్ సర్వర్ వేరు. రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నా సరే, అవి రెండు వేర్వేరు మనుషుల్లాంటివి. మన ఉమ్మడి రాష్ట్రంలో 1998లో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో 'కార్డ్' పథకం మొదలైనప్పుడు గానీ, 2001లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చినప్పుడు గానీ జనానికి కనబడింది కౌంటర్ మీది కంప్యూటరే. రికార్డులు ఉండేది ఇంకో యంత్రంలో. కౌంటర్ మీది ప్రోగ్రాం ఆ యంత్రానికి కబురు పంపాలి, అది జవాబు చెప్పాలి. మీ ప్రాజెక్టులో జరిగేదీ అంతే, చిన్న ఎత్తున.

కబురు చేరాలంటే రెండు వివరాలు కావాలి. మన హాస్టల్ అడ్రసు రాసి పేరూ గదీ లేకుండా ఉత్తరం పంపితే వాచ్‌మన్ బల్ల మీద పడి ఉంటుంది. కంప్యూటర్‌కు హాస్టల్ అడ్రసు లాంటిది ఐపీ అడ్రసు. గది నంబరు లాంటిది పోర్టు. ఇది పెన్‌డ్రైవ్ పెట్టే పోర్టు కాదు, చేత్తో తాకేది కాదు. కేవలం ఒక అంకె, 65,535 దాకా ఏదైనా కావచ్చు. ఒకే యంత్రంలో పది రకాల సర్వర్లు నడుస్తుంటే వచ్చిన కబురు ఎవరిదో తేల్చేది ఈ అంకే.

పేరున్న సర్వర్లకు అలవాటు గదులున్నాయి. మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433, ఒరాకిల్‌కు 1521, మాంగోడీబీకి 27017. ఇవి కంఠస్థం చేయండి, ఇంటర్వ్యూల్లో కూడా అడుగుతారు. అయితే ఇవి అలవాటు గదులే తప్ప పట్టా భూములు కావు. సర్వర్‌ను వేరే అంకె మీదికి మార్చుకోవచ్చు, లేదా ఆ అంకెను ఇంకొకరు ముందే ఆక్రమించి ఉండొచ్చు. గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి.

తప్పు సందేశం తిట్టు కాదు, సమాచారం

ఎర్రటి అక్షరాల్లో పేజీడు సందేశం రాగానే మన తమ్ముళ్లు చేసే మొదటి పని దాన్ని మూసేయడం. దయచేసి అలా చేయకండి. అందులోనే జవాబు ఉంటుంది. ముఖ్యంగా జావాలో పైన "కమ్యూనికేషన్స్ లింక్ ఫెయిల్యూర్" అని పెద్దగా కనిపిస్తుంది. దాన్ని చూస్తే ఏమీ అర్థం కాదు, అది "సర్వర్ డౌన్" లాంటి మాటే. కిందికి జరిపి "కాజ్డ్ బై" అని మొదలయ్యే చివరి వరుస చదవండి. అసలు కారణం అక్కడుంటుంది. సాధారణంగా మూడింటిలో ఒకటి.

మొదటిది "కనెక్షన్ రెఫ్యూజ్డ్". విండోస్‌లో దీని నంబరు 10061, లినక్స్‌లో 111. అంటే మీరు హాస్టల్ దాకా సరిగానే వెళ్లారు, గది తలుపూ తట్టారు. "ఈ గదిలో ఎవరూ ఉంటలేరు" అని వెంటనే జవాబు వచ్చింది. యంత్రం బతికే ఉంది, దారి బాగానే ఉంది. ఆ పోర్టు మీద వినే సర్వర్ మాత్రం లేదు. సర్వర్ స్టార్ట్ కాలేదు, లేదా వేరే పోర్టు మీద నడుస్తోంది. పాస్‌వర్డ్ మార్చి మార్చి చూడటం ఇక్కడ శుద్ధ దండగ. పాస్‌వర్డ్ అడిగేవాడే లేడు కదా!

రెండోది "టైమ్డ్ అవుట్". విండోస్‌లో 10060, లినక్స్‌లో 110. ఇది వెంటనే రాదు, కొంతసేపు గిరగిరా తిరిగి వస్తుంది. ఉన్నారని లేదు, లేరని లేదు, అసలు ఉలుకూ పలుకూ లేదు. ఐపీ అడ్రసు తప్పయినా, అవతలి యంత్రం ఆఫ్ అయి ఉన్నా, మధ్యలో ఫైర్‌వాల్ మీ కబురును చప్పుడు చేయకుండా చెత్తబుట్టలో వేసినా ఇలాగే ఉంటుంది. కాబట్టి సందేశం ఎంతసేపటికి వచ్చిందన్నది కూడా ఒక ఆధారమే. క్షణంలో వస్తే మొదటి రకం, టీ చల్లారాక వస్తే రెండో రకం.

మూడోది "యాక్సెస్ డినైడ్", మైఎస్‌క్యూఎల్‌లో నంబరు 1045. ఇది చూసి ఏడుపు మొహం పెడతారు గానీ, మా లెక్కలో ఇది శుభవార్త. తలుపు తెరుచుకుంది, లోపలివాడు మాట్లాడాడు, "నీ పేరు హాజరు పట్టికలో లేదు" అన్నాడు. అంటే ఐపీ సరైనదే, పోర్టు సరైనదే, ఫైర్‌వాల్ అడ్డం లేదు. ఇక చూడాల్సింది యూజర్ పేరు, పాస్‌వర్డ్ మాత్రమే. 1049 వస్తే మీరు అడిగిన డేటాబేస్ పేరు అక్కడ లేదని. 1130 వస్తే ఫలానా యంత్రం నుంచి వచ్చేవాళ్లను రానివ్వనని.

వీటికి ముందే ఇంకొకటి ఉంది. "నో సూటబుల్ డ్రైవర్" అని జావా అంటే, పైథాన్ "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అంటే కబురు మీ ప్రోగ్రాం గడపే దాటలేదు. డ్రైవర్ అంటే మీ భాషకూ డేటాబేస్ భాషకూ మధ్య దుబాసీ. ఆ ఫైలు ప్రాజెక్టులో పెట్టలేదు, లేదా కనెక్షన్ వాక్యంలో స్పెల్లింగ్ తప్పింది. అప్పుడు పోర్టు జోలికి పోనవసరమే లేదు.

ఒకే ల్యాప్‌టాప్‌లో వచ్చే తగువులు

మన పిల్లల్లో ఎక్కువమందివి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు. పాత యజమాని వేసిన సాఫ్ట్‌వేర్లు అందులోనే ఉంటాయి. ఎక్కువగా ఎదురయ్యే కథ ఇది. పాతాయన ఎప్పుడో మైఎస్‌క్యూఎల్ వేసి ఉంటాడు. అది ల్యాప్‌టాప్ ఆన్ కాగానే దానంతటదే లేచి 3306 గదిలో కూర్చుంటుంది. మనవాడు కాలేజీలో చెప్పారని ఎగ్జాంప్ వేస్తాడు. అందులోని మైఎస్‌క్యూఎల్ బటన్ నొక్కితే గది ఖాళీ లేక స్టార్ట్ కాదు, వెంటనే ఆగిపోతుంది. (ఆ బటన్ మీద మైఎస్‌క్యూఎల్ అని ఉన్నా 2015 తర్వాతి ఎగ్జాంప్‌లో లోపల ఉన్నది మరియాడీబీ. రెండూ మైకేల్ విడేనియస్ బృందం చేతుల్లో పుట్టినవే. పెద్దకూతురు పేరు 'మై' అని దానికి, చిన్నకూతురు 'మరియా' పేరు దీనికి పెట్టాడాయన.) మనవాడి ప్రోగ్రాం మాత్రం 3306కే పోతుంది. అక్కడున్న పాత సర్వర్ "నీవెవరు?" అంటుంది. యాక్సెస్ డినైడ్! ఎగ్జాంప్‌లో రూట్ యూజర్‌కు పాస్‌వర్డే లేదు కదా, మరి ఎందుకు రానివ్వడం లేదని వాడు తల పట్టుకుంటాడు. ఇద్దరు సర్వర్లున్నారని వాడికి తెలియదు.

గదిలో ఎవరున్నారో చూడటానికి విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నెట్‌స్టాట్' అని, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఏ, ఎన్, ఓ అనే మూడు ఇంగ్లీషు చిన్నక్షరాలు కొట్టండి. వచ్చిన జాబితాలో 3306 ఉన్న వరుస వెతకండి. చివర ఉన్న అంకె ఆ గదిలో ఉన్న ప్రోగ్రాం నంబరు. టాస్క్ మేనేజర్‌లో 'డీటెయిల్స్' పేజీలో ఆ నంబరు ఎవరిదో తెలుస్తుంది. తర్వాత రెండు దారులు. పాతది అక్కర్లేదనుకుంటే 'సర్వీసెస్'లోకి వెళ్లి ఆపేసి, స్టార్టప్ టైపును 'మాన్యువల్'కు మార్చండి. రెండూ కావాలంటే కొత్తదాన్ని 3307కు మార్చండి. ఎగ్జాంప్‌లోని మై.ఐఎన్ఐ ఫైలులో పోర్టు అంకె రెండు చోట్ల ఉంటుంది, రెండూ మార్చాలి. ప్రోగ్రాంలో కూడా లోకల్‌హోస్ట్ పక్కన కోలన్ పెట్టి 3307 రాయాలి. సర్వర్ గది మార్చి ప్రోగ్రాంకు చెప్పకపోతే మళ్లీ పాత ఇంటి తలుపే తడుతుంది.

ఒరాకిల్ వాడే కాలేజీల్లో ఇంకో ముచ్చట. ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ పాత వెర్షన్లు, అంటే 10జీ, 11జీ, డేటాబేస్ కోసం 1521 తీసుకోవడమే కాక తమ వెబ్ పేజీ కోసం 8080 కూడా పట్టుకుంటాయి. టామ్‌క్యాట్‌కు కూడా అలవాటు గది 8080యే. నిన్నటిదాకా నడిచిన టామ్‌క్యాట్ ఒరాకిల్ వేసిన రోజు నుంచి ఆగిపోతే కారణం ఇదే. టామ్‌క్యాట్‌ను వేరే అంకెకు మార్చితే సరిపోతుంది, రెండింటినీ తీసేసి మళ్లీ వేయనవసరం లేదు. ఒరాకిల్ సందేశాల్లో 12541 అంటే తలుపు దగ్గర కూర్చునే లిజనర్ లేడని. 12514 అంటే లిజనర్ ఉన్నాడు గానీ మీరడిగిన సర్వీసు పేరు అతనికి తెలియదని.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ వేసుకున్నవాళ్లు మొదట చూడాల్సింది కాన్ఫిగరేషన్ మేనేజర్. అందులో టీసీపీ దారి మామూలుగా మూసే ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి, పోర్టు 1433 అని మీరే రాసి, సర్వీసును ఒకసారి ఆపి మొదలుపెట్టాలి. డాట్‌నెట్‌లో సర్వర్ పేరుకూ పోర్టుకూ మధ్య కామా పెడతారు, జావాలో కోలన్ పెడతారు. ఈ ఒక్క చుక్క తేడాతో ఒక పూట పోతుంది.

లినక్స్ వాడేవాళ్లకు ఒక్క మాట. అక్కడ పీహెచ్‌పీ నుంచి "లోకల్‌హోస్ట్" అని రాస్తే కబురు పోర్టు గుండా పోదు, సాకెట్ అనే ఒక ఫైలు గుండా పోతుంది. మీరు పోర్టు అంకె ఎంత మార్చినా దానికి పట్టదు. 2002 నంబరు తప్పు వస్తే ఇదేనని అనుమానించి లోకల్‌హోస్ట్ బదులు 127.0.0.1 అని రాసి చూడండి. జావాకు ఈ బాధ లేదు, అది ఎప్పుడూ పోర్టు గుండానే పోతుంది.

ఇద్దరు తమ్ముళ్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక ఫోను

ప్రాజెక్టు బ్యాచ్‌లో నలుగురుంటారు, డేటాబేస్ ఒకరి ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. మిగతావాళ్లు ఫోను హాట్‌స్పాట్ మీద దానికి కలవాలి. "నా దాంట్ల నడుస్తుంది, వాని దాంట్ల నడుస్తలేదు" అనే తగాదా ఇక్కడ మొదలవుతుంది. దీన్ని వరుసగా చూసుకుంటూ పోవాలి, ఎటుబడితే అటు దూకకూడదు.

ముందు రెండో ల్యాప్‌టాప్‌లో 'లోకల్‌హోస్ట్' అని ఉంటే తీసేయండి. లోకల్‌హోస్ట్ అంటే "నేనే" అని అర్థం. వాడి ల్యాప్‌టాప్ తనలో తానే వెతుక్కుంటుంది. డేటాబేస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో 'ఐపీకాన్ఫిగ్' అని కొట్టి, వైఫై కింద ఐపీవీ4 పక్కన ఉన్న అడ్రసు తీసుకుని ఆ అంకెలు రాయాలి. హాట్‌స్పాట్ ఆపి పెట్టిన ప్రతిసారీ ఇది మారే అవకాశం ఉంది. అందుకే ఐపీ, పోర్టు, పాస్‌వర్డ్ అన్నీ ప్రోగ్రాం మధ్యలో ఇరవై చోట్ల రాయకుండా ఒక్క సెట్టింగుల ఫైలులో పెట్టుకోండి.

ఇక చాలామంది పింగ్ కొట్టి చూస్తారు. పింగ్‌ను నమ్మకండి. అది హాస్టల్ ఉందా అని అడుగుతుంది తప్ప ఫలానా గది తెరిచి ఉందా అని అడగదు. పైగా విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబివ్వకుండా ఆపి, డేటాబేస్‌ను మాత్రం రానిచ్చే సందర్భాలుంటాయి. అటుదిటు కూడా జరుగుతుంది. పోర్టునే నేరుగా తట్టాలి. పవర్‌షెల్‌లో 'టెస్ట్-నెట్‌కనెక్షన్' అని కొట్టి, ఐపీ రాసి, అడ్డగీతతో పోర్టు అని 3306 ఇవ్వండి. చివరి వరుసలో 'ట్రూ' వస్తే దారి సాఫు. 'ఫాల్స్' వస్తే మీ ప్రోగ్రాంను ముట్టుకోవద్దు, తప్పు అందులో లేదు. వెనుకట దీనికి టెల్‌నెట్ వాడేవారు. విస్టా నుంచి విండోస్‌లో అది దానంతటది రావడం లేదు.

ఫాల్స్ వచ్చిందా? డేటాబేస్ ల్యాప్‌టాప్‌లో మళ్లీ నెట్‌స్టాట్ చూడండి. 3306కు ముందు 127.0.0.1 అని ఉంటే ఆ సర్వర్ ఇంట్లోవాళ్ల మాటే వింటుంది, బయటి తలుపు మూసుకుని ఉంది. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ వేస్తే ఇలాగే వస్తుంది. 'బైండ్-అడ్రస్' అనే సెట్టింగు మార్చాలి. 0.0.0.0 అని ఉంటే అది అందరి మాటా వింటుంది, అడ్డం ఫైర్‌వాల్‌దే. విండోస్ ఫైర్‌వాల్‌లో ఇన్‌బౌండ్ రూల్ ఒకటి కొత్తగా చేసి టీసీపీ 3306కు అనుమతి ఇవ్వండి, అదీ 'ప్రైవేట్' నెట్‌వర్క్‌కు మాత్రమే. హాట్‌స్పాట్ 'పబ్లిక్' అని నమోదై ఉంటే దాన్ని ప్రైవేటుగా మార్చాలి, లేకుంటే రూల్ పనిచేయదు. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయమని యూట్యూబ్‌లో ఎవరైనా చెబితే వినకండి. ఒక గదికి తాళం తీయడానికి గేటే పీకేస్తామా?

కాలేజీ వైఫై మీద ఇవన్నీ చేసినా కలవకపోతే ఆశ్చర్యపోవద్దు. కొన్నిచోట్ల ఒక యంత్రం మరో యంత్రాన్ని చూడకుండా కట్టడి చేస్తారు. అప్పుడు ఫోను హాట్‌స్పాటే దిక్కు.

దారి సాఫైన తర్వాత 1130 గానీ 1045 గానీ వస్తుంది, రావాలి కూడా. మైఎస్‌క్యూఎల్ మనిషిని పేరుతోనే గుర్తుపట్టదు, ఎక్కడినుంచి వచ్చాడో కూడా చూస్తుంది. లోకల్‌హోస్ట్ నుంచి వచ్చే రూట్ వేరు, పక్క ల్యాప్‌టాప్ నుంచి వచ్చే రూట్ వేరు. సందేశంలో ఎట్ గుర్తు తర్వాత ఏముందో చదవండి. సర్వర్ మిమ్మల్ని ఎక్కడినుంచి వచ్చినవాడిగా చూస్తోందో అక్కడ రాసి ఉంటుంది. రూట్‌కే అనుమతులు పెంచకుండా, ప్రాజెక్టు పేరుతో కొత్త యూజర్‌ను చేసి, ఆ ఒక్క డేటాబేస్ మీదే హక్కులివ్వండి.

పది నిమిషాలు నడిచి ఆగిపోతే

కనెక్ట్ అవుతుంది, బాగా నడుస్తుంది, డెమోలో అటూ ఇటూ నొక్కగా నొక్కగా ఒక్కసారి "టూ మెనీ కనెక్షన్స్" అని ఆగిపోతుంది. నంబరు 1040. మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఒకేసారి 151 మందిని కూర్చోనిస్తుంది. మీ ప్రోగ్రాం ప్రతి బటన్‌కూ కొత్త కనెక్షన్ తెరిచి మూయకుండా వదిలేస్తే, మీరొక్కరే 151 కుర్చీలూ నింపేస్తారు. మెస్‌లో తిని లేవకుండా కూర్చున్నట్టు! పని కాగానే క్లోజ్ చేయాలి. జావా 7 నుంచి 'ట్రై' పక్కన బ్రాకెట్లలో కనెక్షన్ తెరిస్తే, తప్పు జరిగినా సరే, దానంతటదే మూసుకుంటుంది. పెద్ద అప్లికేషన్లలో 'పూల్' పెడతారు. కొన్ని కనెక్షన్లే తెరిచి ఉంచి వచ్చినవాళ్లకు వంతులవారీగా ఇస్తారు.

దరఖాస్తుల ఆఖరు తేదీ నాడు వెబ్‌సైట్లు ఎందుకు మొరాయిస్తాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. సర్వర్ చావకుండానే, కుర్చీలు నిండిపోయినందుకే కౌంటర్ దగ్గర "డౌన్" అని వినిపించవచ్చు. కొత్త తరగతుల తమ్ముళ్లకు స్కాలర్‌షిప్ రెన్యువల్ ఆఖరు రోజు దాకా ఆపొద్దని మేము చెప్పేది అందుకే.

తెరిచిన తలుపు ఊరందరికీ తెరిచినట్టే

తలుపు తెరవడం నేర్పి మూయడం నేర్పకపోతే అన్యాయం చేసినట్టే. 2003 జనవరి 25న 'స్లామర్' అనే పురుగు ప్రపంచాన్ని చుట్టేసింది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏ పోర్టు మీద ఉందో చెప్పే సహాయకుడు 1434 గదిలో ఉంటాడు. అతని బలహీనతను పట్టుకుని కేవలం 376 బైట్ల ప్రోగ్రాం, ఈ పేరా కంటే చిన్నది, మొదట్లో ప్రతి ఎనిమిదిన్నర సెకన్లకు రెట్టింపవుతూ పది నిమిషాల్లో దొరకాల్సిన యంత్రాల్లో 90 శాతాన్ని పట్టేసింది. సుమారు 75 వేల యంత్రాలు! అమెరికాలో ఏటీఎంలు ఆగాయి, దక్షిణ కొరియాలో ఇంటర్నెట్ స్తంభించింది. మందు ఆరు నెలల ముందే, 2002 జూలైలో వచ్చింది. వేసుకోలేదంతే. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా 27017 తెరిచి ఉంచిన వేలాది మాంగో డేటాబేస్‌లను దొంగలు తుడిచిపెట్టి, తిరిగి కావాలంటే బిట్‌కాయిన్ ఇవ్వమన్నారు.

మన పిల్లలు చేసే ప్రాజెక్టుల్లో 'హాస్టల్ మేనేజ్‌మెంట్ సిస్టం' ఎక్కువ. నిజంగా ఉంటుందని రూమ్మేట్ల కులం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా అసలువే ఎక్కిస్తున్నారు. అలా చేయొద్దు. ఉత్తుత్తి పేర్లు, ఉత్తుత్తి అంకెలు చాలు. క్లౌడ్ మీద ఉచితంగా సర్వర్ తీసుకున్నవాళ్లు 3306ను లోకమంతటికీ తెరవకుండా మీ ఐపీకి మాత్రమే తెరవండి.

వైవా రోజుకు కొన్ని జాగ్రత్తలు. ప్రోగ్రాం, డేటాబేస్ రెండూ ఒకే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని 127.0.0.1 రాసుకోండి, ఆ రోజు హాట్‌స్పాట్‌ను నమ్ముకోవద్దు. డేటాబేస్ సర్వీసు స్టార్టప్ టైపు 'ఆటోమేటిక్' చేసి, ముందు రాత్రి ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి ఆన్ చేసి చూడండి. విండోస్ అప్‌డేట్ పొద్దున్నే మొదలు కాకుండా ఆపుకోండి. మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో డేటాబేస్ కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, బ్యాచ్‌లో ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో కూడా ఎక్కించి ఉంచండి.

ఇవన్నీ చూశాక కూడా ఆగిపోతే ఆదివారం దాకా ఎదురుచూడకుండా మాకు వాట్సాప్ పెట్టండి. "నడుస్తలేదన్నా" అని మాత్రం పంపకండి. సందేశంలోని చివరి "కాజ్డ్ బై" వరుస, దాని నంబరు, మీ కనెక్షన్ వాక్యం పాస్‌వర్డ్ తీసేసి, నెట్‌స్టాట్‌లో ఆ పోర్టు ఉన్న వరుస, ఈ నాలుగూ పంపండి. ఫొటో అయితే వంకర లేకుండా, అక్షరాలు కనబడేట్టు తీయండి.